ప్రపంచ కప్‌ను కాదని వెళ్లిన ముస్తఫా జైతూనీ

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు ఊరంతా మారుమోగుతుంది. గోల్ కాకుండా అడ్డుకున్నవాడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. డిఫెండర్ బతుకే అంత. తొంభై నిమిషాలు ఒళ్లు విరుచుకుని ఆడినా, ఒక్క పొరపాటు చేసినప్పుడే జనం అతని పేరు తలచుకుంటారు. అలాంటి డిఫెండర్ ఒకాయన, అటు ఫ్రాన్స్‌లోను ఇటు అల్జీరియాలోను చరిత్ర పుస్తకాలకెక్కాడు. అయితే ఆయన పుస్తకాలకెక్కింది ఆడిన మ్యాచ్‌ల వల్ల కాదు, ఆడకుండా వదిలేసిన మ్యాచ్‌ల వల్ల.

ఆయన పేరు ముస్తఫా జైతూనీ. ఫ్రెంచి పత్రికలు జిటూనీ అని రాసేవి గాని, అది మనకు తెలిసిన జైతూన్ మాటే. 1928 అక్టోబర్ 19న అల్జీర్స్ నగరంలో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది.

ఆయన చేసిన పని బోధపడాలంటే ముందు ఆ నాటి అల్జీరియా సంగతి కొంత చెప్పుకోవాలి. 1830లో ఫ్రాన్స్ సైన్యం అల్జీర్స్ తీరాన దిగింది. కొన్నేళ్లకు ఆ దేశాన్ని తన వలస రాజ్యమని కూడా అనకుండా, ఫ్రాన్స్‌లోనే ఒక భాగమని ప్రకటించుకుంది. భూమి ఫ్రాన్స్‌ది, మరి ఆ భూమి మీది మనుషులో? 1865లో ఒక చట్టం వచ్చింది. ముస్లింలు ఫ్రెంచి ప్రజలే గాని పౌరులు కారు. పౌరసత్వం కావాలంటే పెళ్లి, విడాకులు, వారసత్వం వంటి విషయాలలో షరీఅత్‌ను వదులుకుంటామని రాసి ఇవ్వాలి. అలా రాసి ఇచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ షరతు సడలింది. 1947లో అల్జీరియాకు 120 మంది సభ్యుల శాసనసభ ఇచ్చారు. అందులో 60 స్థానాలు సుమారు పది లక్షల మంది యూరోపియన్లకు, మిగిలిన 60 స్థానాలు ఎనభై లక్షలకు పైబడిన ముస్లింలకు! లెక్క చూస్తే చాలు, పాలకుల దృష్టిలో ఎవరి విలువ ఎంతో తెలిసిపోతుంది. పైగా ఆ ఎన్నికలు కూడా సవ్యంగా జరగలేదు.

ఈ పరిస్థితిలో ముస్లిం యువకులకు కాస్త ఊపిరాడిన చోటు ఫుట్‌బాల్ మైదానం. ఆట నేర్పింది ఫ్రెంచి వాళ్లే. అదే ఆటలో వాళ్లను ఓడించవచ్చని త్వరలోనే వీళ్లకు తెలిసింది. 1921లో అల్జీర్స్‌లో ముస్లిం యువకులు సొంతంగా ఒక క్లబ్ పెట్టుకున్నారు. దాని పేరు మౌలూదియా. మీలాదున్నబీని పురస్కరించుకుని పెట్టుకున్న పేరు అది. యూరోపియన్ల క్లబ్‌తో ముస్లింల క్లబ్ తలపడిందంటే ఆ రోజు మైదానం చుట్టూ పోలీసులుండాల్సిందే. ముస్తఫా ఆట నేర్చుకున్నది ఈ అల్జీర్స్ మైదానాల్లోనే. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తల ఎత్తి బంతిని చూస్తూ, ఎదుటివాడి కాలు ఎటు కదులుతుందో ముందే పసిగట్టే నేర్పు ఉండేది.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లోని ప్రొఫెషనల్ క్లబ్బులకు ఉత్తర ఆఫ్రికా ఒక గనిలాంటిది. అల్జీరియా నుంచి, మొరాకో నుంచి మంచి ఆటగాళ్లను ఎంచి ఓడ ఎక్కించి తీసుకుపోయేవారు. వచ్చిన వాళ్లకు జీతం ఉండేది, పత్రికల్లో బొమ్మ పడేది. కాని ప్రొఫెషనల్ ఆటగాడంటే స్వేచ్ఛాజీవి అనుకోరాదు. అప్పటి నిబంధనల ప్రకారం ఒకసారి క్లబ్‌తో ఒప్పందం మీద సంతకం చేస్తే 35 ఏళ్లు వచ్చే దాకా ఆటగాడు క్లబ్ చెప్పుచేతల్లో ఉండాల్సిందే. ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో క్లబ్ ఇష్టం. ఫ్రాన్స్‌లో ఈ పద్ధతి 1969 దాకా సాగింది. జైతూనీ కూడా ఆ పద్ధతిలోనే ముందు దక్షిణ తీరంలోని కాన్ పట్టణం క్లబ్‌కు ఆడి, 1954లో మొనాకోకు చేరాడు. మొనాకో పేరుకు వేరే రాజ్యమైనా దాని క్లబ్ ఆడేది ఫ్రెంచి లీగ్‌లోనే. ఆ ఊరికి ఇటలీ సరిహద్దు కొద్ది మైళ్లే. ఈ చిన్న విషయం ముందు ముందు పనికొస్తుంది.

ఆయన మొనాకోలో అడుగు పెట్టిన ఆ 1954లోనే, నవంబర్ 1న అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలయింది. ఎఫ్.ఎల్.ఎన్. అని పిలిచే జాతీయ విముక్తి ఫ్రంట్ ఆయుధాలు పట్టింది. మొదట దీన్ని చిన్న అల్లరిగా కొట్టి పారేసిన ఫ్రాన్స్, రెండేళ్లు తిరిగే సరికి నాలుగు లక్షల సైన్యాన్ని అక్కడ దించింది. 1956లో ఫ్రంట్ పిలుపు మీద అల్జీరియాలోని ముస్లిం క్లబ్బులు పోటీల నుంచి తప్పుకున్నాయి. 1957లో పారాచూట్ సైనికులు అల్జీర్స్ పాతబస్తీ కస్బాను చుట్టుముట్టారు. ఇంటింటా సోదాలు జరిగాయి. పట్టుకుపోయిన వాళ్లకు కరెంటు షాకులు పెట్టారు. కొన్ని వేల మంది ఇళ్లకు తిరిగి రాలేదు.

సరిగ్గా ఆ 1957లోనే, ఆ అల్జీర్స్ నగరానికే చెందిన ముస్తఫా జైతూనీని ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఎంపిక చేశారు!

ఈ విచిత్రాన్ని ఒక్క నిమిషం ఆలోచించండి. ఆదివారం నాడు నీలి చొక్కా తొడుక్కుని, ఫ్రాన్స్ జాతీయ గీతం వినిపిస్తుండగా నిటారుగా నిలబడాలి. స్టేడియంలో వేల మంది ఆయన పేరు పెట్టి కేకలు వేస్తారు. సోమవారం పత్రిక తెరిస్తే చివరి పేజీలో తన బొమ్మ, మొదటి పేజీలో తన ఊళ్లో జరిగిన అరెస్టుల వార్త. ఫ్రాన్స్ కార్ఖానాల్లో పనిచేసే అల్జీరియా కూలీలు కూడా స్టేడియానికి వచ్చేవారు. మురికివాడల రేకుల గుడిసెల్లో బతికే ఆ మనుషులు తమ సంపాదనలో కొంత విముక్తి ఉద్యమానికి చందాగా ఇచ్చేవారు. ఆటగాళ్లూ ఇచ్చేవారు. జనం చప్పట్లు కొడితే ఆనందమే గాని, రాత్రి నిద్ర పట్టాలి కదా.

1957 మే 26న పారిస్‌లో ఫ్రెంచి కప్ ఫైనల్ జరిగింది. గెలిచిన టూలూజ్ జట్టులో సయీద్ బ్రహీమీ, అబ్దుల్ హమీద్ బూషూక్ అనే ఇద్దరు అల్జీరియన్లు ఆడారు. మ్యాచ్ ముగిశాక బయటికి వస్తున్న అలీ షక్కాల్ అనే నాయకుణ్ణి ఒక అల్జీరియా యువకుడు కాల్చి చంపాడు. షక్కాల్ అల్జీరియా వాడే గాని ఫ్రాన్స్ పక్షం వహించినవాడు. లోపల మైదానంలో అల్జీరియన్లకు చప్పట్లు, బయట గేటు దగ్గర అల్జీరియన్ తుపాకీ. ఆటను, యుద్ధాన్ని వేరువేరుగా ఉంచడం సాధ్యం కాదని ఆ సాయంత్రంతో తేలిపోయింది.

జైతూనీ ఆట మాత్రం అప్పుడే శిఖరానికి చేరుకుంటోంది. ఆయన ఆడింది సెంటర్ హాఫ్ స్థానంలో. నేటి పిల్లలకు ఈ మాట కొత్తగా ఉండవచ్చు. గోల్‌కీపర్‌కు ముందు, రక్షణ పంక్తికి నడిమధ్యన నిలిచి, ఎదుటి జట్టులో అందరికంటే ప్రమాదకరమైన ఫార్వర్డ్‌ను కనిపెట్టుకుని ఉండడమే సెంటర్ హాఫ్ పని. వాడు కదిలితే కదలాలి, ఎగిరితే అంతకంటే ఎత్తు ఎగరాలి. 1958 మార్చి 13న పారిస్‌లో ఫ్రాన్స్, స్పెయిన్ తలపడి చెరి రెండు గోల్స్‌తో సమమయ్యాయి. ఆ రోజు జైతూనీ ఆట చూసి రియల్ మాడ్రిడ్ క్లబ్ పెద్దలు ముచ్చటపడ్డారని, ఆయన కోసం ఆరా తీశారని చెబుతారు. అప్పటికి యూరప్‌లో రియల్ మాడ్రిడ్‌ను మించిన క్లబ్ లేదు. ఇక ఆ జూన్‌లో స్వీడన్‌లో ప్రపంచ కప్. ఫ్రాన్స్ జట్టులో ఆయన చోటు ఖాయమని అందరూ అనుకుంటున్నారు. వయసు 29. డిఫెండర్‌కు అది పండిన వయసు. ఇంకో ప్రపంచ కప్ వచ్చే నాటికి 33 దాటుతుంది. అంటే ఆయనకు ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది కూడా.

అలాంటి సమయంలో ముహమ్మద్ బూమెజ్రాగ్ అనే ఆయన వచ్చి తలుపు తట్టాడు.

బూమెజ్రాగ్ కూడా పాత ఫుట్‌బాల్ ఆటగాడే, కోచ్‌గా కూడా పనిచేశాడు. 1957లో మాస్కోలో ప్రపంచ యువజనోత్సవాలు జరిగినప్పుడు అల్జీరియా పేరుతో ఒక జట్టు ఆడింది. దాన్ని చూశాక ఆయనకు ఒక ఆలోచన తట్టింది. అనామకులతో ఆడిస్తే లోకం పట్టించుకోదు. ఫ్రాన్స్ నెత్తిన పెట్టుకున్న ఆటగాళ్లే ఫ్రాన్స్‌ను వదిలి వచ్చి, అల్జీరియా జెండా కింద ఆడితే? అల్జీరియా అంటే ఫ్రాన్సేనని, అక్కడ గొడవ చేసేది గుప్పెడు మంది దుండగులేనని ఫ్రాన్స్ ప్రచారం చేస్తున్న రోజులవి. ఉపన్యాసాలు, కరపత్రాలు చదవని సామాన్య ఫ్రెంచివాడు కూడా ఆటల పేజీ మాత్రం చదువుతాడు. ఆ పేజీ ద్వారానే అతనికి అసలు కబురు చేరాలన్నది బూమెజ్రాగ్ ఎత్తు. నా దృష్టిలో ఆ యుద్ధం మొత్తంలో ఇంత తెలివైన ఎత్తుగడలు ఎక్కువ లేవు.

నెలల తరబడి రహస్యంగా ఆయన ఒక్కొక్కరినీ కలిశాడు. అడిగింది చిన్న విషయమేమీ కాదు. ఒప్పందం తెగిపోతుంది. జీతం పోతుంది. ఇల్లు, సామాను ఎక్కడివక్కడ వదిలేయాలి. దొరికితే జైలు. మళ్లీ ఫ్రాన్స్‌లో కాలు పెట్టగలమో లేదో తెలియదు. యుద్ధం ఎప్పటికి ముగుస్తుందో అసలే తెలియదు. నిజానికి ఏ ఆటగాడూ తుపాకీ పట్టాల్సిన అవసరం లేదు. వెళ్లకపోయినా వేలెత్తి చూపేవాళ్లు తక్కువే. అయినా జైతూనీ సరే అన్నాడు.

1958 ఏప్రిల్ 13 ఆదివారం. ఫ్రాన్స్‌లో లీగ్ మ్యాచ్‌ల రోజు. సరిగ్గా మూడు రోజులకు, 16న పారిస్‌లో స్విట్జర్లాండ్‌తో ఫ్రాన్స్ మ్యాచ్ ఉంది. ఆ వారాంతంలోనే పది మంది దాకా అల్జీరియా ఆటగాళ్లు కనిపించకుండా పోయారు. మొనాకో నుంచి జైతూనీతో పాటు అబ్దుల్ అజీజ్ బెన్ తీఫూర్, గోల్‌కీపర్ అబ్దుర్రహ్మాన్ బూబకర్, ఖద్దూర్ బెఖ్లూఫీ బయలుదేరి ఇటలీ సరిహద్దు దాటారు. అక్కడి నుంచి రోమ్, రోమ్ నుంచి ట్యునీషియా రాజధాని ట్యునిస్. అదే క్లబ్‌కు చెందిన హసన్ షబ్రీ మాత్రం సరిహద్దు దగ్గర పోలీసులకు దొరికిపోయాడు.

రెండో గుంపు కథ మరీ చిత్రం. సెయింట్ ఎటియెన్ క్లబ్‌లో రషీద్ మఖ్లూఫీ అని 21 ఏళ్ల కుర్రవాడు ఉన్నాడు. ఫార్వర్డ్. మెరుపు లాంటి ఆటగాడు. పైగా ఫ్రెంచి సైన్యంలో నిర్బంధ సేవ చేస్తున్నాడు. అతను వెళితే అది ఒప్పందం తప్పడం కాదు, సైన్యం నుంచి పారిపోవడమే. ఆ ఆదివారం మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉంటే, తోటి ఆటగాళ్లు ముఖ్తార్ అరీబీ, అబ్దుల్ హమీద్ కర్మాలీ వచ్చి మంచం మీది నుంచి లేపి కారెక్కించుకు పోయారు. స్విట్జర్లాండ్ సరిహద్దులో కాపలా సిపాయి అతని మొహం గుర్తు పట్టాడని, అంత పెద్ద ఆటగాణ్ణి చూసిన సంబరంలో ఏమీ అడగకుండా పంపేశాడని చెబుతారు. అప్పటికి విషయం అతని చెవిన పడి ఉండదు. రీమ్స్ క్లబ్‌కు చెందిన ముహమ్మద్ మవూష్ మాత్రం వీళ్లతో కలవలేక అరెస్టయ్యాడు. అతనూ, షబ్రీ చాలా కాలం నిర్బంధంలో గడిపి, ఆ తర్వాతే ట్యునిస్ చేరగలిగారు.

తెల్లవారేసరికి ఫ్రాన్స్ నివ్వెరపోయింది. అన్ని పత్రికల్లోనూ ఇదే వార్త. మొనాకో క్లబ్ ఒక్క దెబ్బకు ఐదుగురు ఆటగాళ్లను పోగొట్టుకుంది. ద్రోహులని తిట్టినవాళ్లు తిట్టారు. కాని చాలా మంది మామూలు జనం మొదటిసారిగా తమను తాము ఒక ప్రశ్న వేసుకున్నారు. డబ్బుకూ పేరుకూ లోటు లేని మనుషులు, మరో రెండు నెలల్లో ప్రపంచ కప్ ఆడవలసిన మనుషులు, ఇవన్నీ విసిరి కొట్టి వెళ్లారంటే అక్కడ జరుగుతున్నది నిజంగా గుప్పెడు దుండగుల గొడవేనా? బూమెజ్రాగ్ కోరుకున్నది సరిగ్గా ఇదే. జైతూనీ మాత్రం ఫ్రాన్స్ మీద గాని, తోటి ఆటగాళ్ల మీద గాని ద్వేషం వెళ్లగక్కలేదు. అక్కడ తనకు స్నేహితులు చాలా మంది ఉన్నారని, సమస్య తమ స్నేహాల కంటే పెద్దదని మాత్రం చెప్పాడు. స్నేహితులూ మరచిపోలేదు. స్వీడన్ వెళ్లిన ఫ్రెంచి ఆటగాళ్లు అక్కడి నుంచి ట్యునిస్‌కు సంతకాలు చేసి ఒక కార్డు పంపారంటారు.

ఆ ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ అద్భుతంగా ఆడింది. జస్ట్ ఫోంతేన్ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. ఒకే ప్రపంచ కప్‌లో అన్ని గోల్స్ కొట్టినవాడు మళ్లీ పుట్టలేదు. సెమీ ఫైనల్లో ఎదురైంది బ్రెజిల్. మొదటి అరగంట దాటేవరకు చెరి ఒక గోల్‌తో సమానంగా ఉన్నారు. అంతలో ఫ్రాన్స్ సెంటర్ హాఫ్ రాబర్ట్ జోంకే కాలికి తీవ్రమైన దెబ్బ తగిలింది. ఆ రోజుల్లో దెబ్బ తగిలితే బదులు మరొకరిని దించే వీలు లేదు. జోంకే కుంటుకుంటూ పక్కన నిలబడ్డాడు. రక్షణ పంక్తి నడిమధ్యన పెద్ద సందు ఏర్పడింది. 17 ఏళ్ల పెలే ఆ సందులోంచి దూసుకుపోయి మూడు గోల్స్ కొట్టాడు. బ్రెజిల్ 5-2తో గెలిచింది. ఫ్రాన్స్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

జోంకే నిలిచిన ఆ స్థానమే జైతూనీది. ఆ రోజు ఆయన ఉంటే ఏమయ్యేదన్న మాట ఫ్రెంచి అభిమానులు చాలా కాలం అనుకున్నారు. ఇలాంటి ఊహలకు అర్థం లేదు. ఆయనకు మాత్రం దెబ్బ తగలకూడదని రాసి ఉందా? అయినా, తాను నిలబడవలసిన చోట ఏర్పడిన ఆ సందు గురించి ట్యునిస్‌లో విన్నప్పుడు ఆయన గుండెలో ఏమనిపించిందో అని అనుకోకుండా ఉండలేము.

ట్యునిస్‌లో కొత్త జీవితం మొదలయింది. స్టార్ ఆటగాళ్లకు మామూలు ఇళ్లు, మామూలు నెలసరి భత్యం. 1958 మేలో ట్యునిస్‌లోనే మొదటి పోటీలు జరిగాయి. మరణశిక్ష పడి జైల్లో ఉన్న వీర వనిత జమీలా బూహీరద్ పేరిట పెట్టిన పోటీలవి. మొరాకో, ట్యునీషియా జట్లతో ఆడి వీళ్లే గెలిచారు. మైదానంలో ఆకుపచ్చ, తెలుపు రంగుల మధ్య ఎర్రటి నెలవంక, నక్షత్రం ఉన్న జెండా ఎగిరింది. అప్పటికి ఆ జెండాకు దేశం లేదు. దేశం కంటే ముందు జాతీయ జట్టు పుట్టడం లోకంలో అరుదైన సంగతి.

అయితే ఆడేదెవరితో? ఫ్రాన్స్ ఫిర్యాదు మీద అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఈ జట్టును గుర్తించలేదు సరికదా, వీళ్లతో ఆడిన దేశాల మీద చర్య తీసుకుంటామని బెదిరించింది. మాటసాయానికి ముందుండే కొన్ని సోదర దేశాలు సైతం ఆట దగ్గరికి వచ్చేసరికి వెనకాడాయి. ఆడటానికి ముందుకు వచ్చినవి ఉత్తర ఆఫ్రికా పొరుగు దేశాలు, ఇరాక్, జోర్డాన్ వంటి కొన్ని అరబ్బు దేశాలు, తూర్పు యూరప్ దేశాలు, చైనా, ఉత్తర వియత్నాం. ఫిఫా కన్నుగప్పడానికి ఆతిథ్య దేశాలు తమ జాతీయ జట్టుకు ఏ నగరం పేరో, ఏ కార్మిక సంఘం పేరో పెట్టి దించిన సందర్భాలూ ఉన్నాయి.

నాలుగేళ్లలో ఎనభైకి పైగా మ్యాచ్‌లు. గెలిచినవే చాలా ఎక్కువ. 1961లో బెల్గ్రేడ్‌లో యుగోస్లావియాను 6-1తో ఓడించారు. అంతకు ముందు ఏడాదే రోమ్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలుచుకున్న దేశం అది. ఈ జట్టులో ముందు వరసలో మఖ్లూఫీ, బ్రహీమీ వంటి వాళ్లు మెరుస్తుంటే వెనక కాపు కాసింది జైతూనీ. తర్వాత తర్వాత ఫ్రాన్స్ నుంచి మరి కొందరు వచ్చి చేరారు. మొత్తం ముప్పై మంది దాటారు. కుర్రవాళ్లకు పెద్దన్న లాంటివాడు ఆయన.

ఆ ప్రయాణాలు విహారయాత్రలేమీ కావు. వారాల తరబడి రైళ్లు, బస్సులు, తెలియని తిండి, మంచు మైదానాలు. ఎక్కడికి వెళ్లినా వీళ్లు పట్టుబట్టేది ఒకే ఒక్క దానికి. మ్యాచ్‌కు ముందు తమ జెండా ఎగరాలి, తమ గీతం వినిపించాలి. ఒక దేశంలో జెండా ఎగరేయడానికి అధికారులు తటపటాయిస్తే, ఎగరేసే దాకా మైదానంలోకి దిగేది లేదని భీష్మించుకున్నారు. జెండా ఎగిరింది. 1959లో ఉత్తర వియత్నాం వెళ్లినప్పుడు హో చి మిన్, జనరల్ జియాప్ స్వయంగా వీళ్లను ఆదరించారు. ఐదేళ్ల క్రితమే దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించినవాడు జియాప్. ఆయనతో కూర్చుని మాట్లాడటం ఆ ఆటగాళ్లకు ఏ కప్పు గెలిచినా కలగని ఆనందం కలిగించి ఉంటుంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఎంత బాగా ఆడినా ఈ మ్యాచ్‌లన్నీ అధికారిక లెక్కల్లోకి రావు. ఆటగాడికి ఆయుష్షు మహా అయితే పదిహేనేళ్లు. అందులో అతి విలువైన నాలుగేళ్లు ఏ రికార్డులోనూ లేకుండా పోయాయి. ఈ నష్టం అందరికీ ఒకేలా లేదు. 1962 మార్చిలో ఎవియాన్‌లో ఒప్పందం కుదిరింది. జూలైలో అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. మఖ్లూఫీకి అప్పుడు పాతికేళ్లు. ఆయన స్విట్జర్లాండ్ మీదుగా మళ్లీ సెయింట్ ఎటియెన్ చేరాడు. మొదటి రోజు స్టేడియం ఎలా ఆదరిస్తుందోనని భయపడుతూ దిగితే, అతని కాలికి బంతి అందగానే జనం పాతవన్నీ మరచి హర్షధ్వానాలు చేశారు. ఆ తర్వాత ఇంకెన్నో కప్పులు గెలిచాడు. జైతూనీకి అప్పటికి 33 దాటింది. ఆయన కోసం ఎదురు చూసే రియల్ మాడ్రిడ్ లేదు, ఫ్రాన్స్ జట్టు లేదు. ఒకే నిర్ణయం ఇద్దరూ తీసుకున్నా, వయసు పెద్దవాడు చెల్లించిన మూల్యం ఎక్కువ. ఈ సంగతి తెలిసే ఆయన ఆ రోజు బయలుదేరాడన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

ఆయన స్వతంత్ర అల్జీరియాకు తిరిగి వచ్చి, అల్జీర్స్ శివారులోని కూబా క్లబ్‌లో చేరాడు. ఇది కాస్ట్రో క్యూబా కాదు, ఒక పేట పేరు. అక్కడ తాను ఆడుతూ కుర్రవాళ్లకు ఆట నేర్పాడు. కొత్త దేశంలో ఆట మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. యూరోపియన్లు లక్షల్లో వెళ్లిపోయారు. వాళ్ల క్లబ్బులూ మూతపడ్డాయి. మిగిలినవి మైదానాలు, ఉత్సాహం ఉన్న పిల్లలు, విదేశాల్లో ఆడి వచ్చిన ఈ కొద్ది మంది పెద్దలు. అల్జీరియా ఫిఫాలో చేరింది. 1964 జనవరి 1న అల్జీర్స్‌లో పశ్చిమ జర్మనీని 2-0తో ఓడించి లోకాన్ని ఆశ్చర్యపరచింది. పాత విముక్తి జట్టు వాళ్లు ఆ విజయంలో భాగస్వాములు.

ఆనాటి సహచరుల చేతుల మీదుగానే అల్జీరియా ఫుట్‌బాల్ పెరిగింది. బెన్ తీఫూర్ 1970లో కారు ప్రమాదంలో చనిపోయాడు. 1982లో అల్జీరియా మొదటిసారి ప్రపంచ కప్‌కు వెళ్లి మళ్లీ పశ్చిమ జర్మనీనే 2-1తో ఓడించినప్పుడు శిక్షకులలో మఖ్లూఫీ ఉన్నాడు. 1990లో ఆఫ్రికా కప్ మొదటిసారి గెలిచినప్పుడు కోచ్ కర్మాలీ, మఖ్లూఫీని ఆస్పత్రి మంచం మీది నుంచి లేపుకుపోయిన ఆ కర్మాలీయే. నైజీరియాపై ఫైనల్లో ఆ ఒక్క గోల్ కొట్టినవాడు షరీఫ్ ఊజానీ. అతని తండ్రి అహ్మద్ ఊజానీ కూడా ఫ్రాన్స్‌లోని లాన్స్ క్లబ్‌ను వదిలి ట్యునిస్ జట్టులో చేరినవాడే.

జైతూనీ పేరు ఈ విజయాల చిట్టాలో పెద్దగా కనిపించదు. చివరి రోజుల్లో ఆయన మొనాకోకు దగ్గరలోనే ఉన్న ఫ్రాన్స్ నగరం నీస్‌లో ఉన్నాడు. ఏ ఊరి నుంచైతే ఒకప్పుడు గుట్టుగా బయటపడ్డాడో, ఆ ఊరి పక్కనే, ఆ సముద్ర తీరానే, 2014 జనవరి 5న 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన కోసం రెండు దేశాల పత్రికలూ సంతాపం రాశాయి. మఖ్లూఫీ ఆయన తర్వాత పదేళ్లు బతికి 2024 నవంబర్‌లో మరణించాడు. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ రికార్డుల్లో ముస్తఫా జైతూనీ పేరు ఎదుట ఇప్పటికీ నాలుగు మ్యాచ్‌లే కనిపిస్తాయి. చివరిది 1958 మార్చి 13, స్పెయిన్‌తో ఆడినది.